214వ టికెట్టు మీద ఆడిన ఎర్రప్ప

గుంతకల్లుకు పడమరగా మూడు మైళ్ల దూరంలో, విడపనకల్లు పోయే దారి పక్కన, శ్రీ సిద్ధరామేశ్వర నూలు మిల్లు ఉండేది. 1957 నుండి 1964 వరకు ఆ మిల్లు ఫుట్‌బాల్ జట్టు ఆడిన ప్రతి ముఖ్యమైన పోటీకీ ఒక ధ్రువపత్రం ఉంది. ప్రతి ధ్రువపత్రంలోనూ మైదానం నడుమ ఆడే హాఫ్ బ్యాక్ స్థానంలో ఒకే పేరు కనిపిస్తుంది: టి. వెంకటేశులు, టికెట్టు నంబరు 214. అనంతపురంలో ఏటా జరిగే పెన్నా షీల్డు పోటీల కమిటీ ముద్ర ఉంది. కార్యదర్శి సంతకం ఉంది. తేదీ ఉంది. లేనిదల్లా నిజం ఒక్కటే. అన్నేళ్లూ ఆ స్థానంలో పరుగెత్తినవాడు విడపనకల్లు నాగన్న కొడుకు ఎర్రప్ప.

ఇది ఎలా సాధ్యమని అడిగేవారికి మిల్లులో బదిలీ పద్ధతి అంటే ఏమిటో ముందుగా చెప్పాలి. పర్మనెంటు కార్మికుడికి సొంత టికెట్టు నంబరు ఉంటుంది. ఆ నంబరు మీదే అతని యంత్రం, అతని సెలవు, అతని ముసలితనపు భద్రత. బదిలీ కూలీకి నంబరు లేదు. తెల్లవారి ఆరున్నరకు గేటు ముందు వరసలో నిలబడాలి. లోపల ఎవరు రాలేదో చూసుకుని మేస్త్రీ బయటికి వచ్చి, "నూటా యాభై రాలేదు, మున్నూటా రెండు రాలేదు" అని కేక వేస్తాడు. పిలుపు అందుకున్నవాడు ఆ పూటకు ఆ నంబరు మనిషి అవుతాడు. ఫ్రేము అనే ఆ నూలు యంత్రం నడుపుతాడు, తీసిన నూలు ఆ నంబరు కింద రాయిస్తాడు, సాయంత్రానికి మళ్లీ ఎవరూ కాకుండా ఇంటికి పోతాడు. ఎర్రప్ప ఆ వరసలో నిలబడిన మొదటి రోజు 1955 జూన్ 6.

అంతకు మూడేళ్ల ముందు కరువు వచ్చి, నాగన్నకున్న నాలుగెకరాల గరుసు నేల గడ్డి పరక కూడా ఇవ్వనని మొండికేసినప్పుడు, ఆ కుటుంబం గంజి కేంద్రాల మీద బతికి గుంతకల్లు చేరింది. పద్దెనిమిదేళ్ల ఎర్రప్ప బంతాట నేర్చింది నీళ్లు లేని చెరువులో. బీటలు వారిన ఆ నేల మీద బంతి ఎటు ఎగురుతుందో బ్రహ్మకు కూడా తెలియదు. అందుకని అతడు బంతిని ఎగరనివ్వడమే మానేశాడు. అది నేలను తాకిన క్షణంలోనే అరికాలితో అదిమి, తన పక్కకు లాక్కుని, తల ఎత్తి చూసి, ముందున్నవాడి పాదానికి నేలబారుగా అందించేవాడు. గోలు కొట్టినవాణ్ణి జనం భుజాల మీద మోస్తారు. గోలు ఆపినవాడి పేరు పత్రికలో వస్తుంది. వీళ్లిద్దరి నడుమ గంటన్నర సేపు రొప్పుతూ, ఎదుటివాడి కాళ్ల కింది నుండి బంతిని లాగి మనవాడికి అందించేవాడి ఆట చూడాలంటే చూసేవాడికి కూడా కొంత విద్య కావాలి. ఆ విద్య ఉన్నవాడు మిల్లులో ఒక్కడే: నూలు విభాగం మేస్త్రీ, జట్టు కార్యదర్శి హనుమంతప్ప. దురదృష్టమేమంటే, విద్య ఉన్న చోట న్యాయం ఉండాలని ఎక్కడా లేదు.

1957 డిసెంబరులో పెన్నా షీల్డుకు పది రోజుల ముందు, జట్టులోని హాఫ్ బ్యాక్ వెంకటేశులు మోకాలు మెలితిరిగింది. షీల్డు నిబంధనల ప్రకారం ఆడేవాడు మిల్లు పర్మనెంటు జాబితాలో ఉండాలి. హనుమంతప్ప గేటు దగ్గరి వరసలోకి వచ్చి ఎర్రప్ప భుజం మీద చెయ్యి వేశాడు.

"ఏమిరా ఎర్రప్పా, వెంకటేశులు ఫ్రేము నడిపినావు గదా మొన్న?"

"నడిపినా మేస్త్రీ."

"ఎవరి నంబరు కింద రాయిస్తివి నూలు?"

"ఇన్నూటా పద్నాలుగు కింద. ఇంకెవురి కింద రాయిస్తారు?"

"అట్లే బంతాట గూడా. వాని నంబరు, వాని చొక్కా, వాని బూట్లు. కాళ్లు మాత్రం నీవి. నీ పేరు నేను గుర్తు పెట్టుకుంటా. ముందు ఖాళీ పడితే పర్మనెంటు నీకే, సిద్ధరామేశ్వరుని మీద ఆన!"

ఎర్రప్పకు ఇందులో తప్పు కనిపించలేదు. పట్నంలో చదువుకున్నవాడికి వెంటనే కనిపించేదేమో. రెండేళ్లుగా పరాయి నంబర్ల మీద బతుకుతున్నవాడికి ఎలా కనిపిస్తుంది? బదిలీ అంటే బదిలీ. వెంకటేశులు బూట్లు ఒక సైజు పెద్దవి. వేస్టు పత్తి కుక్కుకుని అనంతపురంలో దిగాడు. మిల్లు జట్టు మొదటిసారి సెమీ ఫైనలు చేరింది. మరునాటి పత్రికలో రెండు వాక్యాలు వచ్చాయి: "మధ్యలో వెంకటేశులు కోటగోడలా నిలిచాడు. ఈ యువకునికి మంచి భవిష్యత్తు ఉంది." ఆ తునక ఇప్పటికీ ఉంది. కాగితం పసుపుబారింది కానీ అబద్ధం చెక్కుచెదరలేదు.

ఒకసారి రుచి మరిగాక హనుమంతప్ప ఆగలేదు. షీల్డు లేని నెలల్లో ఎర్రప్పను ఆదోనికి, హొస్పేటకు, బళ్లారికి ఎరువిచ్చేవాడు. ఏ ఊరికి పోతే ఆ ఊరి జాబితాలో ఎవడు రాలేదో వాడి పేరు. 1960లో బళ్లారిలో అతడు ఖాదర్ బాషా. ఆట మొదలైన పావుగంటకు కెప్టెను గొంతు చించుకుని "ఖాదర్! ఖాదర్! వెనక చూడు!" అని అరుస్తున్నాడు. ఎర్రప్ప ఎవరో పిలుస్తున్నారని తన పాటికి తాను నిలబడ్డాడు. బంతి పక్క నుండే దూసుకుపోయింది, గోలు పడింది. కెప్టెను వచ్చి చొక్కా పట్టుకున్నాడు.

"చెవుడా నీకు? అంత అరస్తాంటే తిరిగి చూడవే!"

"అరిస్తే నన్ననుకుంటినా అన్నా? ఆ ఖాదర్ ఎవురో పాపం, ఎంత పిల్చినా పలకడే అనుకుంటి!"

జట్టంతా పొట్ట పట్టుకుని నవ్వింది. ఎర్రప్ప కూడా నవ్వాడు. అప్పటికి అతనికి ఇరవై ఐదేళ్లు. నవ్వగలిగిన వయసు.

1961లో మిల్లు యాజమాన్యం "క్రీడలలో విశిష్ట సేవకు గుర్తింపుగా" టి. వెంకటేశులును, టికెట్టు నంబరు అదే ఉంచి, మేస్త్రీ సహాయకునిగా పైకి తీసింది. ఆ ఉత్తర్వులో 1959 షీల్డు గెలుపు ప్రస్తావన కూడా ఉంది. ఆ గెలుపు నాడు వెంకటేశులు అప్పటికీ మానని మోకాలికి ఆముదం పట్టు వేసుకుని ఇంట్లో పడుకున్నాడు. వెంకటేశులు చెడ్డవాడు కాదు, ఈ మాట చెప్పకపోతే అన్యాయం. ఉత్తర్వు వచ్చిన సాయంత్రం కుంటుకుంటూ ఎర్రప్ప ఇంటికి లడ్డూల పొట్లం తెచ్చాడు. వేస్టు పత్తి గదిలో పనిచేసే ఎర్రప్ప భార్య కదిరమ్మ గుమ్మంలోనే నిలేసింది.

"ఏందప్పా ఇది?"

"పైకేసినారు కదక్కా. అన్న వల్లనే. నోరు తీపి చేసుకుంటారని..."

"సొమ్మొకరిది, సోకొకరిది అనేది ఇదే! కాళ్లు మా ఆయనవి, కుర్చీ నీది. ఆ లడ్లు గూడా నువ్వే తిను. మా ఆయన పేరు మీద తిను, సరిపోతాది."

వెంకటేశులు తల వంచుకుని పొట్లం గట్టు మీద పెట్టి పోయాడు. ఎర్రప్ప భార్యను కసిరాడు. కానీ ఆ లడ్డూ అతడూ ముట్టలేదు.

ముందు ఖాళీ అన్న మాటకు ఏడు ఖాళీలు వచ్చి పోయాయి. ఒకటి యజమాని బంధువుకు, ఒకటి కార్మిక సంఘం నాయకుని తమ్ముడికి, తక్కినవి ఎవరికెవరికో. ప్రతిసారీ హనుమంతప్ప అదే ఆన పెట్టేవాడు. ఆ దేవుడు ఎన్ని అబద్ధాలకు సాక్ష్యం మోశాడో! అడిగి అడిగి ఎర్రప్ప గొంతు మారింది. గేటు వరసలో కొత్తగా చేరినవాళ్లు తనను "పెద్దాయనా" అని పిలిచి పక్కకు జరిగి చోటిస్తుంటే అతనికి ఒళ్లు మండేది.

చివరికి 1964 నవంబరు 20న గేటుకు ఒక ప్రకటన అంటించారు. మద్రాసు నుండి వచ్చిన కొత్త మేనేజరు పద్ధతి మనిషి. క్రీడాకారులకు నాలుగు పర్మనెంటు స్థానాలు. గుర్తింపు పొందిన పోటీలలో కనీసం రెండుసార్లు ఆడి ఉండాలి, ధ్రువపత్రాలు జతచేయాలి, వయసు ముప్పై నిండి ఉండకూడదు, దరఖాస్తుల మీద జనవరిలో విచారణ. ఎర్రప్ప బడి సర్టిఫికెట్టులో పుట్టిన తేదీ 1935 ఫిబ్రవరి 12. అంటే ఇంకా మూడు నెలల గడువు కూడా లేదు. ఇదే మొదటి తలుపు, ఇదే చివరిది. ఏడుసార్లు పెన్నా షీల్డు ఆడినవాడి దగ్గర, అందులో రెండుసార్లు గెలిపించినవాడి దగ్గర, తన పేరున్న కాగితం ఒక్కటంటే ఒక్కటి లేదు.

అతడు వెంకటేశులు ఇంటికి పోయాడు.

"నీ పదవి నాకొద్దప్పా. నువ్వు ఆడలేదని కూడా చెప్పొద్దు. రెండు షీల్డులకు నేను ఆడినానని ఒక్క మాట చెప్పు, చాలు."

"నువ్వు ఆడింటే నేను ఆడలేదనే కదన్నా అర్థం? ఒకే నంబరు మీద ఇద్దరు ఆడతారా?"

"ఫ్రేము మీద ఇద్దరం నడుపుతిమి కదా!"

"అది వేరే, ఇది వేరే. పైకెక్కించింది ఆ కాగితాలు చూసే. కాగితం తప్పంటే నన్ను బయటికే తోస్తారు. ఈ మోకాలితో నాకెవుడు పనిస్తాడన్నా?"

"ఆ మోకాలితోనే అంతపొద్దూ ఆడినావు కదప్పా. జిల్లాలోనే గొప్ప హాఫ్ బ్యాకువి, పేపర్లో రాసినారు."

వెంకటేశులు మోకాలి పట్టు సవరించుకున్నాడు. "విచారణ నాడు ఉంటాను. అడిగితే చూస్తాం," అన్నాడు. ఆ "చూస్తాం" అన్న మాటను పట్టుకుని ఎర్రప్ప ఆరు వారాలు బతికాడు.

1965 జనవరి 5న విచారణ. బల్ల వెనుక మేనేజరు, పక్కన హనుమంతప్ప, గోడవార వెంకటేశులు. ఎర్రప్ప తెచ్చిన ఆధారం ఒక్కటే: 1962లో షీల్డు గెలిచాక అనంతపురం స్టూడియోలో తీయించిన జట్టు ఫొటో. వెనుక వరసలో ఎడమ నుండి మూడోవాడు ఎర్రప్పే, ఆ కోర మీసంతో, ఆ వెడల్పాటి భుజాలతో. కింద అచ్చువేసిన పేర్లలో మూడోది టి. వెంకటేశులు.

మేనేజరు ఫొటోనూ మనిషినీ మార్చి మార్చి చూశాడు. "ఇది నువ్వే కదా?"

"నేనే సార్."

"పేరు?"

"పేరు ఆయప్పది సార్. ఆట నాది."

మేనేజరు హనుమంతప్ప వైపు తిరిగాడు. ఏడేళ్లుగా సాధన చేసినవాడిలా హనుమంతప్ప తడుముకోకుండా చెప్పాడు: "ఈడు జట్టుకు నీళ్ల కుండ మోసేటోడు సార్. ఫొటో తీసే పొద్దు వెంకటేశులుకు జరం. వరసలో సందు పడితే బాగుండదని ఈన్ని నిలబెట్టినాం. బదిలీ మనిషే కదా సార్, ఫొటోకూ బదిలీ."

అబద్ధం అంత నున్నగా ఉంది. ఎర్రప్ప బతుకంతా బదిలీగానే గడిచింది కాబట్టి ఎవరైనా నమ్ముతారు.

"వెంకటేశులూ, ఇది నిజమేనా?" అన్నాడు మేనేజరు.

వెంకటేశులు గోడను చూశాడు, నేలను చూశాడు. ఎర్రప్పను మాత్రం చూడలేదు. "నిజమే సార్," అన్నాడు.

"గ్రౌండుకు పోదాం సార్!" ఎర్రప్ప గొంతు గదంతా నిండింది. "ఇప్పుడే పోదాం. ఇద్దరికీ బంతి ఇడసండి. ఎవురు ఆడినోడో కండ్లతో చూడండి!"

"ఇది కాగితాల మీద జరిగే ఎంపిక," అన్నాడు మేనేజరు, కోపం లేకుండానే. "ఇంకొక సంగతి కూడా ఆలోచించు. నువ్వు చెప్పేది అబద్ధమైతే నీకు అర్హత లేదు. నిజమైతే ఇంకొకరి పేరుతో పోటీలో దిగావన్నమాట. అది నేరం. అప్పుడూ అర్హత లేదు. వచ్చే నెల షీల్డు ఫైనలు దాకా మన జట్టు పోతే నేనే చూడటానికి వస్తాను. వెంకటేశులు ఆట అప్పుడు చూస్తాను."

అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్న సామెతకు ఇంతకంటే మంచి ఉదాహరణ ఏ గ్రంథంలోనూ దొరకదు. నిజం చెబితే నేరస్థుడు, చెప్పకపోతే అబద్ధాలకోరు. ఆ నేరం చేయించినవాడు న్యాయనిర్ణేత పక్కన కుర్చీలో ఉన్నాడు. జనవరి 8 తేదీతో ఉత్తరం వచ్చింది: "దరఖాస్తుదారు ఏ పోటీలోనూ పాల్గొన్నట్లు ఆధారాలు లేనందున తిరస్కరించడమైనది."

ఫైనలు చూడటానికి వస్తానని మేనేజరు ఊరకనే అనలేదు. లీగు ఆటలకు హనుమంతప్ప ఆదోని నుండి మరొకణ్ణి ఎరువు తెచ్చి 214వ నంబరు మీద ఆడించాడు. ఫిబ్రవరి 7న అనంతపురంలో రైల్వే జట్టుతో ఫైనలు. మేనేజరు జీపులో వచ్చి షామియానా కింద కూర్చున్నాడు. అతనికి వెంకటేశులు ముఖం తెలుసు. ఇక దారి లేదు. ఆముదం పట్టు మీద పట్టు చుట్టుకుని, ఏడేళ్ల తరువాత, అసలు వెంకటేశులు తన సొంత చొక్కాలో మైదానంలోకి నడిచాడు.

ఎర్రప్ప ఎదుటి వైపు, తాడు దగ్గర జనంలో నిలబడ్డాడు. రానని ప్రమాణం చేసుకుని వచ్చాడు. పక్కనున్న బీడీ వ్యాపారి అతణ్ణి చూసి అదిరిపడ్డాడు.

"ఏమన్నా వెంకటేశులన్నా, నువ్వు ఈడ నిలబడినావే? ఆడేదానికి పోలేదా?"

"నేను వెంకటేశులు కాదన్నా."

"యాలాకోళమా? ఏడేండ్ల నుంచి చూస్తాండాం, మాకు తెలీదా నీ మొగం! ఒరేయ్, మన వెంకటేశుల్ని బయటికి తోసి ఎవుడో కుంటోన్ని దింపినార్రా!"

మాట తాడు పొడుగునా పాకింది. వందమంది, ఆ తరువాత అయిదువందల మంది, "వెంకటేశులు! వెంకటేశుల్ని దింపండి!" అని అరవసాగారు. ఆ గోలలో చివరి మాటలు కలిసిపోయి పేరొక్కటే మైదానం దాటింది. షామియానా కింద మేనేజరు ఆ పేరు విని, పక్కవాళ్లతో ఏదో అంటూ చప్పట్లు కొట్టడం ఎర్రప్పకు స్పష్టంగా కనిపించింది. తన కోసం జనం పిలుస్తున్న పిలుపు కూడా తనది కాదు. పలుకుదామంటే ఆ పేరు అతనికి చెందదు. పలకకుండా ఉందామంటే వాళ్లు పిలుస్తున్నది అతణ్ణే.

ఇరవయ్యో నిమిషంలో వెంకటేశులు మోకాలు జారింది. అతడు నేల మీద ముడుచుకుని పడ్డాడు. నలుగురు మోసుకుపోయారు. ఆ రోజుల్లో దెబ్బ తగిలినవాడి స్థానంలో మరొకణ్ణి దింపే నియమం లేదు. లేచి వస్తే ఆ మనిషే రావాలి, లేకపోతే పదిమందితోనే ఆడాలి. ఆట సగం కాకముందే, "పాపం, మంచి ఆటగాడు, ఈ రోజు అదృష్టం లేదు" అని మేనేజరు జీపెక్కాడు. అతని నమ్మకానికి గీత కూడా పడలేదు.

జీపు దుమ్ము ఇంకా అణగలేదు, హనుమంతప్ప జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. చేతిలో 214 చొక్కా.

"తొడుక్కో రా. కట్టు కట్టుకుని వెంకటేశులే లేచొచ్చినాడంటాను. రెఫరీకి నీ మొగమే తెలుసు. ఒక్కటి గూడా పడలేదు ఇంకా, గెలవొచ్చు!"

ఎర్రప్ప కాళ్లు అప్పటికే వేడెక్కి ఉన్నాయి. ఇరవై నిమిషాలుగా తాడు ఇవతలే ప్రతి బంతికీ అతని పాదాలు కదులుతున్నాయి.

"నా పేరు రాయించు మేస్త్రీ. దిగుతా."

"జాబితా మూసేసినారు కదరా! ఈ పొద్దు ఆడు, సోమవారం మేనేజరుకు నేనే చెప్తా. సిద్ధరామేశ్వరుని మీద..."

"ఆ దేవుణ్ణి వదిలెయ్ మేస్త్రీ. నీళ్ల కుండ మోసేటోన్ని నేను. నీళ్లు కావాలంటే చెప్పు, తెస్తా."

"పదకొండు మంది పరువురా ఇది!"

"నేను పన్నెండోవాన్ని."

హనుమంతప్ప చొక్కా అతని భుజం మీద పడేసి పోయాడు, మనసు మారుతుందేమోనని. ఎర్రప్ప దానిని మడిచి తాడు మీద వేశాడు. పక్కనున్న బీడీ వ్యాపారి అతణ్ణి తిట్టాడు, బతిమాలాడు, మళ్లీ తిట్టాడు. రెండో సగంలో రైల్వేవాళ్లు మధ్య నుండి నడిచినట్టే వచ్చి మూడు గోల్స్ కొట్టారు. ఆ మూడూ ఎర్రప్ప ఆపగలిగినవే. ఎక్కడ నిలబడితే ఆగేవో అతనికి బంతి బయలుదేరక ముందే తెలుసు.

ఆట ముగిశాక వెంకటేశులును జట్కా దగ్గరికి మోసుకుపోతూ ఉండగా అతడు ఎర్రప్పను చూసి ఆగమన్నాడు.

"నువ్వు దిగింటే గెలిచేవాళ్లమన్నా."

"గెలిచేది నువ్వు కదప్పా," అన్నాడు ఎర్రప్ప.

మరునాటి పత్రిక ఇలా రాసింది: "ఒకనాటి కోటగోడ వెంకటేశులు నిన్న కూలిపోయాడు. వయసు మీద పడిన ఆటగాళ్లు సకాలంలో తప్పుకోవడం మేలు." ఏడేళ్ల పొగడ్త వెంకటేశులుకే పోయినట్లు, ఆ ఎత్తిపొడుపు కూడా అతనికే పోయింది. ఎర్రప్ప ఆట ఎప్పుడు మొదలైందో ఎవరూ రాయలేదు. ఎప్పుడు ముగిసిందో కూడా రాయలేదు.

అతడు ఇల్లు చేరేసరికి కదిరమ్మ రొట్టెలు కాలుస్తోంది.

"పోనన్నావు, పోయినావు. ఎట్ల ఆడిరి మనోళ్లు?"

"పదిమందే ఆడినారు," అన్నాడు ఎర్రప్ప.

కదిరమ్మ అతని ముఖం చూసింది. పొయ్యి ముందు పీట జరిపింది.

ఫిబ్రవరి 12న అతనికి ముప్పై నిండాయి. 15వ తేదీ సోమవారం ఉదయం గేటు దగ్గర మేస్త్రీ వచ్చి, "ఇన్నూటా పద్నాలుగు రాలేదు" అని మూడుసార్లు కేక వేశాడు. వరసలో ఎర్రప్ప లేడు. యాడికి ఊరి దగ్గర బండల గనిలో కొత్త కూలీలను చేర్చుకుంటున్నారని విని, భార్యాభర్తలిద్దరూ తొలి రైలుకే బయలుదేరి పోయారు.